విశాఖలో పాత ఇంటిని బాగుచేయించడం: ఆర్కిటెక్టును పిలిచిన నాటి నుంచి ఆఖరి బిల్లు దాకా

మహారాణిపేటలోనో, పాత పోస్టాఫీసు పక్క సందుల్లోనో, పెదవాల్తేరులోనో తాతల నాటి ఇల్లు ఉన్నవారికి చుట్టుపక్కల వాళ్లు ఇచ్చే సలహాలు రెండే. పడగొట్టి అపార్టుమెంటుకు ఇచ్చేయమని ఒకరంటే, పైపైన రంగులు వేయించి ఇంకొన్నాళ్లు నెట్టుకు రమ్మని మరొకరంటారు. చాలా ఇళ్లకు ఈ రెండూ సరిపోవు. గట్టి పునాది, మందపాటి గోడలు, టేకు దూలాలు ఉన్న ఇంటిని తీరుగా బాగుచేయిస్తే మనవలు కూడా అందులో హాయిగా ఉంటారు. అయితే అది కొత్త ఇల్లు కట్టడం కంటే కష్టమైన పని. ఖాళీ స్థలంలో ఆర్కిటెక్టు గీసిందే ఇల్లవుతుంది. పాత ఇంట్లో గోడ విప్పేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అందుకే మొదటే గట్టిగా చెబుతున్నాను: ఇంటి పరిస్థితి తేలకముందు ప్లాను గీయించకండి, ప్లాను తేలకముందు మేస్త్రీకి బయానా ఇవ్వకండి.

1. మీ ఇల్లు ఏ తరానిదో గుర్తించండి

విశాఖలో మరమ్మతుకు వచ్చే ఇళ్లు స్థూలంగా రెండు రకాలు. మొదటిది సున్నపు ఇల్లు. రాతితోనో ఇటుకతోనో, గానుగ సున్నంతో కట్టిన గోడలు. పైన బంగళా పెంకులు, లేదా టేకు దూలాల మీద ఇటుకలను సున్నంతో అంచు మీద నిలబెట్టి పేర్చిన మద్రాసు మిద్దె. రెండోది కాంక్రీటు స్లాబు ఇల్లు. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల గత తరం కట్టుకున్నవి ఎక్కువగా ఇవే. పాతబస్తీలో ఈ రెండూ కలిసిపోయిన ఇళ్లూ కనిపిస్తాయి: ముందు భాగం సున్నపు కట్టడం, వెనక వంటిల్లు, స్నానాల గది తర్వాత అతికించిన కాంక్రీటు.

తేడా పట్టడం కష్టం కాదు. గుమ్మం దగ్గర గోడ మందం కొలవండి. తొమ్మిది అంగుళాల కంటే బాగా ఎక్కువ ఉంటే సున్నపు గోడ అయ్యే అవకాశం ఎక్కువ. ఊడిన చోట మేకుతో గీకి చూడండి. తెల్లగా, మెత్తగా రాలితే సున్నం. బూడిద రంగులో గట్టిగా ఉంటే సిమెంటు.

ఈ రెండు ఇళ్ల జబ్బులు వేరు, మందులూ వేరే. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని, గాలి ఆడగానే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేసి, లప్పం పెట్టి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన నీటితో పాటు ఉప్పు కూడా పైకి వచ్చి రంగును పొరలు పొరలుగా లేపుతుంది. ఏటా రంగు వేయించినా గోడ అడుగున నాలుగడుగుల మేర పొక్కులు పోవడం లేదంటే చాలావరకు కారణం ఇదే.

కాంక్రీటు ఇంటి జబ్బు స్లాబు పెచ్చులూడటం. సముద్రపు గాలిలోని ఉప్పు ఏళ్ల తరబడి కాంక్రీటు రంధ్రాల్లోంచి ఇనుప చువ్వల దాకా చేరుతుంది. చువ్వ తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. పైన నీళ్లు నిలిచే డాబా, అడుగున ఆవిరి పట్టే వంటిల్లు ఉంటే ఇంకా తొందరగా జరుగుతుంది. బాల్కనీలు, సన్‌షేడ్లు అన్నిటికంటే ముందు పాడవుతాయి. వాటి మీద పూలకుండీలు ఉంటే ఈ రోజే తీసేయండి.

2. కాగితాలు, అనుమతులు

పాత ఇల్లు తరచూ తాతగారి పేరునో, నాయనమ్మ పేరునో ఉంటుంది. దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), ఆస్తి పన్ను రసీదులు ఒకచోట చేర్చండి. వాటాలు తేలకపోతే ముందు పంపకం పత్రం రాయించుకోండి. అమెరికాలో అన్నయ్య, హైదరాబాదులో అక్క ఉంటే వారి సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. లక్షలు ఖర్చుపెట్టాక వచ్చే వాటా గొడవ ఇంటినీ బంధుత్వాన్నీ కూడా పాడుచేస్తుంది.

అనుమతుల సంగతి: గోడలకు ప్లాస్టరింగు, గచ్చు మార్చడం, రంగులు, పెంకులు సర్దడం వంటివి మామూలు మరమ్మతులు. గదులు పెంచడం, అంతస్తు వేయడం, భారం మోసే గోడలు తొలగించడం, ఇంటిని దుకాణంగా మార్చడం మాత్రం జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి అవసరమైన పనులు. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017, వాటి తర్వాతి సవరణలు దీనికి ఆధారం. మీ పని ఏ కోవలోకి వస్తుందో ఆర్కిటెక్టు చేతనో, జీవీఎంసీలో నమోదైన ఎల్‌టీపీ (లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడు) చేతనో రాయించుకోండి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పాతబస్తీ ఇళ్లు వీధి అంచు దాకా, పక్కింటి గోడకు ఆనుకుని ఉంటాయి. ఒకసారి మొత్తం పడగొట్టారంటే కొత్త ఇల్లు ఇప్పటి నియమాల ప్రకారమే కట్టాలి. స్థలాన్ని బట్టి నియమాలు చెప్పినంత ఖాళీ వదలాలి, రోడ్డు విస్తరణ ఉంటే దానికీ స్థలం వదులుకోవాలి. చిన్న స్థలంలో అప్పుడు మిగిలేది ఎంతో లెక్క వేసి చూడండి. పడగొట్టాలన్న ఆలోచన చాలాసార్లు ఆ లెక్క దగ్గరే ఆగిపోతుంది.

సముద్రానికి దగ్గరగా, అంటే లాసన్స్ బే నుంచి భీమిలి దాకా ఉన్న తీరం వెంట, తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా వర్తిస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం పోటు నీరు చేరే గరిష్ఠ రేఖ నుంచి లోపలికి 500 మీటర్ల వరకు ఈ పరిధి ఉంటుంది. అక్కడ ఇల్లు పెంచాలనుకుంటే గీతలు గీయించకముందే విచారించండి.

3. ఆర్కిటెక్టును ఎంచుకోవడం

ముందు ఎవరి పని ఏమిటో తెలియాలి. ఆర్కిటెక్టు ఇంటి అమరిక, వెలుతురు, గాలి, వాడే సామగ్రి, అన్ని పనుల పొందిక చూస్తారు. కట్టడం ఎంత బరువు మోస్తుందో తేల్చేది స్ట్రక్చరల్ ఇంజనీరు. ఎల్‌టీపీ మునిసిపల్ అనుమతుల దారి చూపిస్తారు. మేస్త్రీ చేతిలో పనితనం ఉంటుంది. మన ఊళ్లో ఈ నలుగురి పనీ ఒక్కరే చేసిపెడతామనడం మామూలే. కొత్త ఇంటికి అలా ఎలాగో నడిచిపోవచ్చు. పాత ఇంటికి మాత్రం ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఇద్దరూ వేర్వేరుగా ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఆర్కిటెక్టుల చట్టం 1972 ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వారే ఆర్కిటెక్టు అని పేరు పెట్టుకోవాలి. నమోదు సంఖ్య 'సీఏ' అనే అక్షరాలతో మొదలై, సంవత్సరం, తర్వాత అంకెలు ఉంటాయి. కౌన్సిల్ వెబ్‌సైటులో ఆ సంఖ్యను సరిచూసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. బిల్డింగ్ డిజైనర్, ఇంటీరియర్ డిజైనర్ అనే బోర్డులు వేరు.

ఆ తర్వాత చూడాల్సింది పాత ఇళ్ల అనుభవం. కంప్యూటర్‌లో గీసిన అందమైన బొమ్మలు పక్కన పెట్టి, ఆయన బాగుచేయించిన ఇల్లు ఒకటి చూపించమనండి. ఆ ఇంటివాళ్లతో విడిగా మాట్లాడి మూడు సంగతులు అడగండి: పని మధ్యలో ఊహించనిది బయటపడినప్పుడు ఆయన ఎన్ని రోజుల్లో వచ్చారు, ఖర్చు ఎంత పెరిగింది, రెండు వానాకాలాలు దాటాక గోడలు ఎలా ఉన్నాయి. సున్నపు ఇల్లయితే వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ విశాఖ విభాగాన్ని గానీ, నగరంలోని ఆర్కిటెక్చర్ కళాశాలల అధ్యాపకులను గానీ సంప్రదిస్తే అలాంటి పని తెలిసినవారి ఆచూకీ దొరకవచ్చు.

మొదటి సమావేశం ఇంటి దగ్గరే పెట్టుకోండి. మంచి ఆర్కిటెక్టు ఇంట్లోకి రాగానే హాలు ఎలా మారుద్దామో చెప్పరు. డాబా ఎక్కుతారు, గోడ అడుగులు తడతారు, వాననీరు ఎటు పోతుందో అడుగుతారు. మొదటి రోజే చదరపు అడుగుకు ఇంత అని ధర చెప్పేవారిని నేనైతే నమ్మను.

4. ఆర్కిటెక్టుతో ఒప్పందం

నోటిమాట మీద నడిపించకండి. ఫీజు మొత్తం ఖర్చులో శాతమా, గుత్తగా ఒక మొత్తమా అన్నది ముందు తేల్చుకోవాలి. పాత ఇంటికి గుత్త ఫీజు మేలని నాకనిపిస్తుంది. ఖర్చు పెరిగితే ఫీజు పెరిగే పద్ధతిలో అనవసరమైన అనుమానాలు పుడతాయి.

రాతలో ఉండాల్సినవి ఇవి. ఉన్న ఇంటిని ఉన్నట్టు కొలిచి గీసే ప్లాను ఆయనదే బాధ్యతా? స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు ఇందులోనిదేనా, వేరా? ప్లాను ఎన్నిసార్లు మారుస్తారు? కరెంటు, నీటి పైపుల డ్రాయింగులు ఇస్తారా? పని దగ్గరకు వారానికి ఎన్నిసార్లు వస్తారు? ఆర్కిటెక్టు అప్పుడప్పుడూ వచ్చి చూడటం వేరు, రోజంతా నిలబడి పని చేయించడం వేరు. రెండోది కావాలంటే ఒక సైటు ఇంజనీరును మీరే పెట్టుకోవాలి. గొడవలు ఎక్కువగా ఈ ఒక్క విషయం మీదే వస్తాయి.

ఫీజును దశలవారీగా ఇవ్వండి: కొలతల ప్లానుకు కొంత, మొదటి నమూనాకు కొంత, పని డ్రాయింగులకు కొంత, మిగిలింది పని సాగే కొద్దీ. టైల్సు, శానిటరీ దుకాణాల నుంచి కమీషన్ల సంగతి కూడా నేరుగా మాట్లాడుకోండి. 1989 నాటి వృత్తి నియమావళి ఆర్కిటెక్టులు అలా కమీషన్లు తీసుకోకూడదనే చెబుతోంది. నిజాయతీగా పనిచేసేవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

మీ వైపు నుంచి ఆర్కిటెక్టుతో మాట్లాడేది ఇంట్లో ఒక్కరే కావాలి. నాన్నగారు ఒకటి, కోడలు ఒకటి, విదేశంలో ఉన్న అబ్బాయి వాట్సాప్‌లో ఇంకొకటి చెబితే ఎంత మంచి ఆర్కిటెక్టయినా చేతులెత్తేస్తారు. వాస్తు చూపించుకునేవారు పండితుణ్ణి కొలతల ప్లాను చేతికి రాగానే పిలవండి. పొయ్యి ఎక్కడ, దేవుడి గది ఎక్కడ అన్నది అప్పుడే తేలితే ఆర్కిటెక్టు దానికి తగ్గట్టు గీస్తారు. మెట్లు కట్టాక, పైపులు వేశాక మార్చమంటే డబ్బూ పోతుంది, కట్టడమూ బలహీనపడుతుంది.

5. ఇంటికి పరీక్షలు

ఇక్కడ పెట్టే ఖర్చు దండగ అనుకోకండి. కాంక్రీటు ఇంటికి స్ట్రక్చరల్ ఇంజనీరు సూచించే పరీక్షలు కొన్ని ఉంటాయి. సుత్తి లాంటి పరికరంతో కొట్టి పైపొర గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్, లోపలి పగుళ్లు తెలిపే అల్ట్రాసోనిక్ పరీక్ష, చువ్వ తుప్పు పడుతోందో లేదో చెప్పే హాఫ్‌సెల్ పరీక్ష. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో చేసే ఈ చివరి పరీక్షలో అంకె మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు పడుతూ ఉండే అవకాశం 90 శాతం పైనే. ఇంకోటి చాలా చవకైనది. కొత్తగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే గులాబీ రంగు రావాలి. రంగు రాకపోతే ఆ మేరకు కాంక్రీటు చువ్వలను కాపాడే క్షారగుణం కోల్పోయిందని అర్థం. విశాఖలో వీటన్నిటితో పాటు కాంక్రీటు పొడిలో క్లోరైడు ఎంతుందో కూడా చూపించాలి. ఉప్పుగాలి ఊళ్లో అది వదిలేస్తే మిగతా నివేదిక సగమే.

సున్నపు ఇంటికి యంత్రాల కంటే అనుభవం ఉన్న కళ్లు ముఖ్యం. దూలాల చివరలు గోడలో దిగే చోట చెదలు, కుళ్లు ఉన్నాయేమో బాడిశతో తట్టి, సూదిమొన గుచ్చి చూడాలి. మధ్యలో నిగనిగలాడే టేకు దూలం గోడలో ఉన్న చివర గుల్లగా ఉండవచ్చు. బీటల మీద చిన్న గాజు ముక్క అతికించి తేదీ రాసిపెట్టండి. కొన్ని నెలల్లో అది పగిలితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. వీధి ఎత్తునూ చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చాలా పాత ఇళ్లు ఇప్పుడు వీధి కంటే పల్లంలో ఉన్నాయి. గోడ చెమ్మకు అసలు కారణం అదే అయినప్పుడు లోపల ఎన్ని రసాయనాలు పూసినా లాభం లేదు. బయట కాలువ తవ్వించి నీటిని దూరంగా పంపాలి.

ఉమ్మడి గోడ ఉంటే పని మొదలయ్యే ముందే పక్కింటివారిని పిలిచి, వారి వైపు బీటలన్నీ ఫొటోలు తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

6. అంచనా, కాంట్రాక్టరు

పరీక్షల నివేదిక, పని డ్రాయింగులు వచ్చాక ఆర్కిటెక్టు చేత పని పద్దుల జాబితా రాయించండి. ఏ పని, ఎంత కొలత, ఏ సామగ్రి అన్నది వివరంగా ఉంటే ముగ్గురు కాంట్రాక్టర్ల ధరలు పోల్చవచ్చు. పాత ఇంటిని మొత్తం గుత్తకు ఇవ్వకండి. ఎంత పగలగొడితే ఎంత పాడైన భాగం బయటపడుతుందో తెలియదు కాబట్టి గుత్తకు తీసుకున్నవాడు కప్పిపెట్టడానికే చూస్తాడు. కొలత లెక్కన చెల్లించే పద్ధతి పెట్టుకోండి. అంచనాలో ఐదో వంతు విడిగా దాచండి.

పాత సామాను ఎవరిదో ఒప్పందంలో రాయండి. టేకు దూలాలు, తలుపులు, ఇత్తడి గడియలు, బంగళా పెంకులు, నల్లరాతి పలకలు విలువైనవి. విప్పేటప్పుడే లెక్కపెట్టి, అంకెలు వేసి, తడవని చోట పేర్చండి. శిథిలాలు ఎక్కడ పోస్తారో కూడా రాయించండి. రాత్రిపూట గెడ్డలో (వాగులో) పోసిపోతే వానాకాలం ఆ నీళ్లు మన వీధిలోకే తిరిగొస్తాయి. నిర్మాణ వ్యర్థాల నిర్వహణకు 2016 నుంచి ప్రత్యేక నియమాలు ఉన్నాయి.

7. పని మొదలు: కాలం, వరుస

విశాఖలో పైకప్పు పనికి ఒకటే రుతువు. సంక్రాంతి దాటాక విప్పి, మే నెలాఖరుకల్లా మూసేయాలి. జూన్‌లో నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఈ ఊళ్లో ఉన్నవారికి పైకప్పు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. భారతీయ ప్రమాణాల్లో విశాఖకు పెట్టిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పెంకుల కప్పులో చూరు, కొప్పు, మూలలు ముందు లేస్తాయి. అక్కడి పెంకులను తుప్పు పట్టని తీగతో వాసాలకు కట్టించాలి. దూలాలను గోడకు పట్టీలతో బిగించాలి. వరండా రేకులను ఇంటి కప్పుతో కలపకుండా విడిగా నిలబెడితే, అవి ఎగిరినా ఇంటి కప్పును లాక్కుపోవు. పాత ఆస్‌బెస్టాస్ రేకులుంటే పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి, మాస్కులు పెట్టుకుని దింపించాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

వరుస ఇది: జాకీలతో ఊతాలు, విప్పడం, పునాది, చెమ్మ, చెదల మందు, స్లాబు లేదా దూలాల మరమ్మతు, పైకప్పు, ఆపైన పైపులు, వైర్లు, ప్లాస్టరింగు, గచ్చు, తలుపులు, చివరకు రంగులు. పాత వైరింగును పూర్తిగా తీసేయండి. ఎర్తింగు లేని ఇంట్లో ఏసీలు పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. కొత్త బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉండాలి. కరెంటు సరఫరా సంస్థ ఈపీడీసీఎల్ దగ్గర లోడు పెంపు దరఖాస్తు ముందే పెట్టుకోండి.

స్లాబు మరమ్మతులో మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తి రంగు వేస్తే మళ్లీ ఊడటం ఖాయం. పాడైన కాంక్రీటును చువ్వ వెనక వేలు దూరేంత దాకా తొలగించాలి. చువ్వను మెరిసేలా శుభ్రం చేయాలి. బాగా సన్నబడిన చువ్వ పక్కన కొత్తది వేయాలో లేదో ఇంజనీరు చెప్పాలి. జింకు ప్రైమరు పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపి, తడి ఆరకుండా చూడాలి. చుట్టూ ఉన్న పాత కాంక్రీటులో ఉప్పు మిగిలి ఉంటే అతుకు అంచుల్లో మళ్లీ తుప్పు మొదలవుతుంది. క్లోరైడు పరీక్ష అవసరం ఇక్కడ తెలుస్తుంది. ఉప్పు ఎక్కువగా ఉంటే చువ్వలకు జింకు ఆనోడ్లు (చువ్వకు బదులు తామే తుప్పు పట్టే జింకు ముక్కలు) కట్టడమా, ఆ భాగం స్లాబు మార్చడమా అన్నది ఇంజనీరుతో తేల్చుకోండి.

కొత్తగా పోసే కాంక్రీటు గాలికి, వానకు బయటికి ఉంటే కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 అనే బలం ఉన్న రకం, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) ఉండాలి. ఇళ్ల పనుల్లో దీన్ని పట్టించుకునేవారు తక్కువ. పోసే రోజు మీరే అడగండి. బోరు నీళ్లు వాడేముందు పరీక్ష చేయించండి. చువ్వలున్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బీచ్ దగ్గరి బోర్ల నీరు ఈ హద్దు దాటే ప్రమాదం ఉంది.

సున్నపు గోడలకు సిమెంటు పొర తీయించి, కొన్ని వారాలు గాలికి ఆరనిచ్చి, మళ్లీ సున్నపు ప్లాస్టరింగే చేయించాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, అందుకని ముందు ఒక చిన్న గోడ మీద నమూనా చేయించి ఆర్కిటెక్టుతో కలిసి చూడండి. దాని మీద లప్పం వద్దు. వెల్లసున్నం గానీ, గాలి ఆడే సిలికేట్ రంగులు గానీ వేయండి. ఎర్ర గచ్చు బాగుంటే దాన్ని పగలగొట్టి టైల్సు వేయకండి. పాలిష్ చేయిస్తే చాలా ఏళ్లు నడుస్తుంది. నాకు ఆ గచ్చు మీద మమకారం ఎక్కువ, దాన్ని దాచుకోను.

బయటి రెయిలింగులు, స్క్రూలు, కీళ్లు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. మామూలుగా దొరికే 304 రకం బీచ్ గాలికి గోధుమరంగు మచ్చలు పడుతుంది. 316లో ఉండే మాలిబ్డినం ఉప్పును తట్టుకుంటుంది.

8. ఊహించనిది బయటపడినప్పుడు

ఏదో ఒకటి తప్పకుండా బయటపడుతుంది. తలుపు మీద రాతి పట్టీ బదులు కుళ్లిన చెక్క, పునాది కింద పాత సెప్టిక్ ట్యాంకు, ఎవరూ ఎరగని బావి. అలాంటప్పుడు ఆ చోట పని ఆపి, ఫొటో తీసి, ఆర్కిటెక్టుకు, ఇంజనీరుకు పంపండి. వాళ్ల జవాబు రాతలో వచ్చాకే, దాని ధర ఒప్పుకున్నాకే పని సాగాలి. మేస్త్రీ అక్కడికక్కడ చెప్పిన ఉపాయం మంచిదే కావచ్చు, దాన్ని కూడా వారికే చెప్పమనండి. వారానికోసారి ఇంటి దగ్గర అందరూ కూర్చుని ఏమి తేలిందో ఒక పుస్తకంలో రాసి సంతకాలు పెడితే తర్వాత మాట తప్పడాలు ఉండవు.

9. ఆఖరి బిల్లు

పని అయిందనగానే డాబా మీద గట్లు కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద తడి చూడండి. ప్రతి కుళాయి, ప్రతి స్విచ్చి తిప్పండి. గోడలు మూయకముందు తీసిన పైపుల, వైర్ల ఫొటోలు, చివరికి కట్టిన తీరు చూపే డ్రాయింగులు, పరీక్షల నివేదికలు ఒక ఫైలుగా ఆర్కిటెక్టు నుంచి తీసుకోండి. కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన దాంట్లో ఇరవయ్యో వంతు ఆపుతామని ముందే ఒప్పందంలో రాసి ఉండాలి. పైకప్పు, గోడలు ఒక నైరుతి కాలాన్ని, ఒక తుపాను కాలాన్ని చూశాక, అంటే డిసెంబరు దాటాక, ఆర్కిటెక్టును మరోసారి పిలిచి ఇల్లంతా తిప్పి చూపించండి. ఎక్కడైనా చెమ్మ దిగితే ముందు అది సరిచేయించి, ఆ మిగిలిన సొమ్ము అప్పుడు చెల్లించండి.